పాత బుల్లెట్‌కు ఒక్క చుక్క నూనె: ఇగ్నిషన్ పాయింట్లకు ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు?

పాతకాలపు మోటార్ సైకిల్ ఒకటి రోడ్డు పక్కన ఆగిపోయింది. ట్యాంకులో పెట్రోలు ఉంది. ప్లగ్గు కొత్తదే. బ్యాటరీలోనూ శక్తి ఉంది. అయినా ఎన్నిసార్లు కిక్ కొట్టినా ఇంజన్ పలకడం లేదు. అనుభవం ఉన్న మెకానిక్ వచ్చి, సిలిండర్ వెనుక ఉన్న చిన్న గుండ్రటి మూత తీసి, రెండు లోహపు బిళ్లల మధ్య ఒక శుభ్రమైన కాగితాన్ని పెట్టి లాగుతాడు. కాగితం మీద నల్లటి జిడ్డు మరక పడుతుంది. మరో రెండుసార్లు తుడిచి మూత పెట్టేస్తాడు. తర్వాతి కిక్‌కే బండి స్టార్ట్ అవుతుంది.

ఆ నల్లటి మరక చాలా సందర్భాల్లో బండిపై ప్రేమతోనే ఎవరో వేసిన నూనె. పాత బండి ఏళ్ల తరబడి నడవాలంటే ఇగ్నిషన్ పాయింట్లకు నూనె, గ్రీజు తప్పనిసరి. అదే నూనె ఒక మిల్లీమీటరు పక్కకు చేరితే బండి కదలదు. నూనె అసలు వేయకపోతే పాయింట్లు నెమ్మదిగా అరిగి ఇంజన్ వేడెక్కుతుంది. కొన్నిసార్లు కిక్ లివర్ ఎదురు తిరిగి నడిపేవారి కాలికి గాయమూ కావచ్చు.

ఇంత చిన్న పనికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? ఏ భాగానికి నూనె కావాలి, ఏ భాగానికి కూడదు?

పాయింట్లు అంటే ఏమిటి?

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనం, గాలి కలిసిన మిశ్రమాన్ని సరైన క్షణంలో మండించాలి. అందుకు స్పార్క్ ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టాలి. ఆ క్షణాన్ని నిర్ణయించే స్విచ్చునే కాంటాక్ట్ బ్రేకర్ పాయింట్లు అంటారు. మెకానిక్‌ల వాడుకలో ఇవి 'సీబీ పాయింట్లు'.

ఇవి నిజానికి రెండు చిన్న లోహపు బిళ్లలు. వీటి ముఖాలు సాధారణంగా టంగ్‌స్టన్‌తో చేసి ఉంటాయి. ఒకటి పలకకు బిగించి కదలకుండా ఉంటుంది. రెండోది స్ప్రింగ్ ఉన్న ఒక చేతికి అమర్చి ఉంటుంది. ఆ చేతికి మధ్యలో ఫైబరుతో చేసిన ఒక చిన్న దిమ్మె ఉంటుంది. దీనిని హీల్ అంటారు. ఇంజన్‌తో పాటు తిరిగే క్యామ్ తన ఎత్తైన భాగంతో ఈ హీల్‌ను నెట్టిన ప్రతిసారీ బిళ్లలు విడిపోతాయి. క్యామ్ దాటిపోగానే స్ప్రింగ్ వాటిని మళ్లీ కలుపుతుంది.

ఈ ఏర్పాటుకు శతాబ్దానికి పైగా చరిత్ర ఉంది. జర్మనీలోని బాష్ సంస్థలో ఇంజనీరు గాట్‌లోబ్ హోనోల్డ్ 1902లో అధిక వోల్టేజీ మాగ్నెటోను రూపొందించారు. అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ, కాయిల్ పద్ధతి 1910 నాటి క్యాడిలాక్ కార్లలోకి వచ్చింది. ఈ రెండు పద్ధతుల్లో విద్యుత్తు పుట్టే తీరు వేరు. కానీ సరైన క్షణంలో విద్యుత్ ప్రవాహాన్ని తెంచే పని రెండింటిలోనూ పాయింట్లదే.

భారతదేశంలో ఈ పద్ధతి దశాబ్దాల పాటు కొనసాగింది. 1955లో అప్పటి మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా తయారు చేసిన బుల్లెట్లు, మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం నుంచి వచ్చిన జావా, యెజ్డీలు, ఎస్కార్ట్స్ సంస్థ రాజ్‌దూత్‌లు ఇవన్నీ పాయింట్లతో నడిచిన బండ్లే. తెలుగు రాష్ట్రాల్లోని ఊళ్లలో ఒక తరం పాలవ్యాపారులు, రైతులు, ఉపాధ్యాయులు తిరిగిన బండ్లు కూడా ఇవే. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి.

నిప్పురవ్వ ఎలా పుడుతుంది?

పాయింట్లు కలిసి ఉన్నంతసేపూ బ్యాటరీ నుంచి కాయిల్‌లోని మందపాటి తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తుంది. దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. క్యామ్ వచ్చి పాయింట్లను విడదీసిన క్షణంలో ప్రవాహం తెగిపోయి, ఆ అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. ఆ మార్పు వల్ల కాయిల్‌లోనే ఉన్న సన్నని తీగచుట్టలో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి ప్లగ్గు వద్ద నిప్పురవ్వగా దూకుతుంది.

అంటే పాయింట్లు కలిసినప్పుడు కాదు, విడిపోయినప్పుడే నిప్పురవ్వ పుడుతుంది. ఈ విషయం గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులువుగా అర్థమవుతుంది.

పాయింట్లు విడిపోయేటప్పుడు ప్రవాహం ఆ సన్నని సందును దాటి దూకేందుకు ప్రయత్నిస్తుంది. దానిని ఆపేందుకే పాయింట్లకు సమాంతరంగా ఒక కండెన్సర్‌ను కలుపుతారు. అది ఆ విద్యుత్తును క్షణకాలం తనలోకి తీసుకుని, బిళ్లలు కాలిపోకుండా కాపాడుతుంది. కండెన్సర్ బాగున్నా, బిళ్లల మధ్య ఎంతో కొంత మెరుపు వస్తూనే ఉంటుంది. అక్కడ నూనె చేరితే ప్రమాదం ఎందుకో ఈ మెరుపే చెబుతుంది.

గంటకు 90 వేల తాకిళ్లు

బుల్లెట్ నాలుగు స్ట్రోకుల ఇంజన్. అందులో పాయింట్ల క్యామ్ ఇంజన్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే పాయింట్లు నిమిషానికి 1,500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు తెరుచుకుంటాయి. గంటకు ఇది 90,000 సార్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు అదే వేగంలో 5 గంటల పాటు ప్రయాణిస్తే, ఆ చిన్న ఫైబరు హీల్‌ను క్యామ్ నాలుగున్నర లక్షల సార్లు నెడుతుంది.

జావా, యెజ్డీ, రాజ్‌దూత్ వంటి రెండు స్ట్రోకుల బండ్లలో క్యామ్ నేరుగా క్రాంక్ షాఫ్ట్‌తో పాటే తిరుగుతుంది. ప్రతి చుట్టుకూ ఒక నిప్పురవ్వ అవసరం. కాబట్టి అదే ఇంజన్ వేగానికి అక్కడ తాకిళ్లు రెట్టింపవుతాయి.

ఉక్కు క్యామ్‌పై ఫైబరు ఇన్నిసార్లు రాసుకున్నప్పుడు, మధ్యలో గ్రీజు పొర లేకపోతే అరిగేది ఫైబరే. ఆ అరుగుదల కంటికి కనిపించదు. కానీ ఇంజన్‌కు తెలుస్తుంది.

నూనె లేకపోతే ఏమవుతుంది?

బుల్లెట్‌లో పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు వాటి మధ్య సందు సుమారు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. హీల్ అరిగే కొద్దీ క్యామ్ దానిని అంతకు ముందులా దూరంగా నెట్టలేదు. సందు తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా, పాయింట్లు తెరుచుకునే క్షణం ఆలస్యమవుతుంది. ఆ క్షణంలోనే నిప్పురవ్వ పుడుతుంది కాబట్టి, నిప్పురవ్వ కూడా ఆలస్యమవుతుంది.

ఆలస్యంగా మండిన ఇంధనం పిస్టన్‌ను నెట్టడానికి పూర్తిగా ఉపయోగపడదు. అందులో కొంత వేడిగా మారి సైలెన్సర్ గొట్టంలోకి పోతుంది. బండి లాగడం తగ్గుతుంది, ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. ఈ మార్పు రోజుకు కొంచెంగా, నెలల తరబడి జరుగుతుంది. అందుకే చాలామంది యజమానులు దీనిని గమనించరు. కార్బొరేటర్ పాడైందనో, పెట్రోలు కల్తీ అయిందనో అనుకుని, మంచి భాగాలను మార్చేస్తారు.

క్యామ్ పొడిబారిందని చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. మూత తీయగానే క్యామ్ చుట్టూ సన్నని గోధుమరంగు పొడి కనిపిస్తుంది. అది అరిగిన ఫైబరు, తుప్పు కలిసిన పొడి. కొన్ని బండ్లలో ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పాయింట్ల వైపు నుంచి కీచుమనే శబ్దం వినిపిస్తుంది. క్యామ్ పైభాగం నునుపుగా మెరవకుండా గీతలు పడి ఉంటే, కొత్త పాయింట్లు వేసినా వాటి హీల్ కూడా త్వరగానే అరుగుతుంది.

కిక్ ఎందుకు ఎదురు తంతుంది?

పాయింట్ల పలక కింద మరో భాగం దాగి ఉంటుంది. చాలామంది దాని సంగతి మరచిపోతారు. అదే ఆటో అడ్వాన్స్ యూనిట్.

ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు నిప్పురవ్వ కొంత ఆలస్యంగా రావాలి. వేగం పెరిగే కొద్దీ అది ముందుగా రావాలి. మిశ్రమం పూర్తిగా మండడానికి పట్టే సమయం పెద్దగా మారదు, కానీ పిస్టన్ వేగంగా కదులుతుంది కాబట్టి ఈ సర్దుబాటు అవసరం. బుల్లెట్‌లో ఈ పనిని రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు చేస్తాయి. వేగం పెరిగితే బరువులు బయటికి జరిగి క్యామ్‌ను కొద్దిగా ముందుకు తిప్పుతాయి. వేగం తగ్గగానే స్ప్రింగులు దానిని వెనక్కి లాగుతాయి.

ఈ బరువుల ఇరుసులు, క్యామ్ తిరిగే కాడ పొడిబారినా, తుప్పు పట్టినా యూనిట్ ఒకేచోట బిగుసుకుపోతుంది. వెనుక స్థానంలో బిగుసుకుంటే బండి వేగంలో బలహీనపడి వేడెక్కుతుంది. ముందు స్థానంలో బిగుసుకుంటే అసలు ప్రమాదం. అప్పుడు కిక్ కొట్టినప్పుడు పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే ఇంధనం మండుతుంది. పిస్టన్ వెనక్కి తిరుగుతుంది. దానితో పాటే కిక్ లివర్ కూడా నడిపేవారి పాదాన్ని బలంగా ఎదురు తంతుంది.

పెద్ద సిలిండర్ ఒక్కటే ఉన్న ఇంజన్‌లో ఈ ఎదురుదెబ్బకు చీలమండ బెణకడం, ఎముక విరగడం కూడా జరగవచ్చు. ఎదురు తన్నే బండిని పౌరుషానికి గుర్తుగా చెప్పుకునే అలవాటు పాతకాలంలో ఉండేది. కానీ అన్నివేళలా అది బండి స్వభావం కాదు. టైమింగ్ తప్పిందనో, అడ్వాన్స్ యూనిట్ ఇరుక్కుందనో చెప్పే హెచ్చరిక కూడా కావచ్చు. అలాంటి బండిని పదేపదే కిక్ కొట్టకుండా, ముందు ఆ మూత తీసి చూడడం మంచిది.

నూనె ఎక్కువైతే ఏమవుతుంది?

నూనె విద్యుత్తును ప్రవహించనివ్వదు. పాయింట్లు 6 లేదా 12 వోల్టుల విద్యుత్తుతో పనిచేస్తాయి. అంత తక్కువ వోల్టేజీకి సన్నని నూనె పొర కూడా పెద్ద అడ్డంకే.

నష్టం అక్కడితో ఆగదు. పాయింట్లు విడిపోయేటప్పుడు వచ్చే మెరుపుకు ఆ నూనె కాలి మసిగా మారుతుంది. మసి బిళ్లల ముఖాన అంటుకుని విద్యుత్ నిరోధాన్ని పెంచుతుంది. నిరోధం పెరిగిన చోట వేడి పుడుతుంది. ఆ వేడికి ముఖాలు మరింత కాలతాయి. బిళ్లల కింద పలకపై నీలం కలిసిన నల్లటి మరక కనిపిస్తే, అక్కడికి నూనె చేరిందని అర్థం.

కాయిల్‌లో నిల్వ అయ్యే శక్తి అందులోని ప్రవాహపు వర్గానికి అనులోమంగా ఉంటుంది. మసి వల్ల ప్రవాహం సగానికి పడిపోతే, నిప్పురవ్వకు అందే శక్తి సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. అందుకే కొద్దిపాటి మురికికే బండి మొరాయిస్తుంది. స్టార్ట్ కావడానికి ఇబ్బంది పడుతుంది. వేగం పెంచితే మధ్యమధ్యలో నిప్పురవ్వ తప్పుతుంది. చివరకు ఆగిపోతుంది.

ఏ నూనె, ఎంత?

పాయింట్ల వ్యవస్థలో కందెన అవసరమైన చోట్లు మూడు. ఒక్కోచోటికి ఒక్కో రకం.

మొదటిది క్యామ్, హీల్ కలిసే చోటు. ఇక్కడ వేడికి కరగని, విసిరికొట్టినా చెదరని గట్టి గ్రీజు కావాలి. పాయింట్ల కోసమే అమ్మే క్యామ్ గ్రీజు ఉత్తమం. పరిమాణం అగ్గిపుల్ల తలంత చాలు. దానిని క్యామ్ చుట్టూ పలుచగా పూసి, మిగిలినది శుభ్రమైన గుడ్డతో తుడవాలి. హీల్ ముందు భాగంలో, అంటే క్యామ్ తిరిగి వచ్చి తాకే వైపున, చిటికెడు ఉంచితే అది కొంతకాలం నిల్వగా పనిచేస్తుంది. తక్కువ వేడికే కరిగే మామూలు గ్రీజు ఇందుకు పనికిరాదు. ఎండాకాలంలో ఇంజన్ వేడికి అది నీరై, తిరిగే క్యామ్ మీద నుంచి నేరుగా బిళ్లలపైకి చిమ్ముతుంది.

కొన్ని బండ్లలో క్యామ్‌ను తాకుతూ ఒక ఫెల్టు ముక్క ఉంటుంది. ఉన్నిని ఒత్తి చేసిన ఈ ముక్క నూనెను పీల్చుకుని కొద్దికొద్దిగా క్యామ్‌కు అందిస్తుంది. 1960లలోని అనేక బ్రిటిష్ బండ్లలోనూ, జావా బండ్లలోనూ ఈ ఏర్పాటు ఉంది. ఫెల్టు ఉన్నచోట ఒకటి రెండు చుక్కల నూనె వేసి, అది పూర్తిగా ఇంకేవరకు ఆగాలి. వేలితో నొక్కితే నూనె కారకూడదు, వేలికి తడి మాత్రమే తగలాలి. ఎండి గట్టిపడిన ఫెల్టు క్యామ్‌ను కాపాడదు, పైగా గీకుతుంది. దానిని మార్చడమే మేలు.

రెండోది కదిలే చేయి తిరిగే ఇరుసు. దీనికి కుట్టు మిషను నూనె వంటి పలుచని నూనె ఒకే ఒక్క చుక్క చాలు. సీసా నుంచి నేరుగా వేస్తే చుక్క అదుపు తప్పుతుంది. సన్నని తీగనో, గుండుసూదినో నూనెలో ముంచి, దాని కొసన వేలాడే చుక్కను ఇరుసుకు తాకించడం పాత మెకానిక్‌ల పద్ధతి. ఇరుసు ఎండిపోతే చేయి నెమ్మదిగా కదులుతుంది. అప్పుడు వేగంలో పాయింట్లు సమయానికి మూసుకోవు, నిప్పురవ్వ తప్పుతుంది.

మూడోది అడ్వాన్స్ యూనిట్. దీని ఇరుసులకు, క్యామ్ కాడకు ఒక్కో చుక్క పలుచని నూనె వేయాలి. ఆ తర్వాత క్యామ్‌ను వేళ్లతో పట్టుకుని, తిరిగే దిశలో కొద్దిగా తిప్పి వదలాలి. అది ఎక్కడా ఆగకుండా, స్ప్రింగుల బలంతో వెంటనే వెనక్కి రావాలి. నెమ్మదిగా వచ్చినా, మధ్యలో ఆగినా యూనిట్‌ను విప్పి శుభ్రం చేయాలి.

కందెన ఎప్పుడూ తాకకూడని చోటు ఒక్కటే. అది రెండు బిళ్లల ముఖాలు.

ఎంత కాలానికి ఒకసారి? పాత బ్రిటిష్ బండ్ల చేతిపుస్తకాల్లో 3,000 మైళ్లకు, అంటే సుమారు 4,800 కిలోమీటర్లకు ఒకసారి అన్న గడువు తరచుగా కనిపిస్తుంది. ఆయా బండి చేతిపుస్తకంలో వేరే గడువు ఉంటే దానినే పాటించాలి. తక్కువగా తిరిగే పాత బండ్లకు కిలోమీటర్ల కంటే కాలమే ముఖ్యం. ఏడాదికి ఒకసారైనా, వీలైతే వర్షాకాలం ముగిశాక, మూత తీసి చూడాలి. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో తేమ వల్ల బిళ్లల ముఖాన సన్నని ఆక్సైడు పొర ఏర్పడుతుంది. అది కూడా నూనెలాగే ప్రవాహాన్ని అడ్డుకుంటుంది.

పని ఏ క్రమంలో చేయాలి?

ముందుగా ఇగ్నిషన్ తాళం ఆపాలి. ఇంజన్ ఆగి ఉండగా తాళం తెరిచి ఉంచితే, పాయింట్లు కలిసి ఉన్న స్థితిలో కాయిల్‌లో విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది. కాయిల్ వేడెక్కి పాడవుతుంది, పాయింట్లూ కాలతాయి.

తర్వాత స్పార్క్ ప్లగ్గును విప్పాలి. అప్పుడు ఇంజన్‌ను చేత్తోనే సులువుగా తిప్పవచ్చు. మూత తీసి, ఏదీ తుడవకముందే లోపల ఏముందో చూడాలి. గోధుమరంగు పొడి ఉంటే క్యామ్ పొడిబారింది. నల్లటి జిడ్డు ఉంటే నూనె ఎక్కువైంది. ఒక వైపు బిళ్లపై గుంత, మరో వైపు దిబ్బ ఉంటే కండెన్సర్‌ను అనుమానించాలి.

బిళ్లలను శుభ్రం చేయడానికి సన్నని ఆకురాయి ఉత్తమం. ఎమరీ కాగితం వాడకపోవడమే మంచిది. దానిలోని గట్టి రేణువులు లోహంలో గుచ్చుకుపోయి, అవే విద్యుత్తుకు అడ్డుపడతాయి. అగ్గిపెట్టె పక్కనున్న గరుకు పట్టీతో రుద్దడం దారిలో ఆగిపోయినప్పుడు చేసే తాత్కాలిక ఉపాయమే. అది ఇంటి దగ్గర చేయాల్సిన పద్ధతి కాదు. చివరగా స్పిరిట్‌తో తడిపిన అట్టముక్కను, ఆ తర్వాత పొడి అట్టముక్కను బిళ్లల మధ్య నుంచి లాగాలి. అట్టపై మరక పడనంతవరకు ఇలా చేయాలి.

ఆ తర్వాతే కందెన. ముందు అడ్వాన్స్ యూనిట్, ఆపై ఇరుసు, చివరగా క్యామ్. కందెన వేశాక ఇంజన్‌ను నాలుగైదు చుట్లు తిప్పి, అదనంగా బయటికి వచ్చినదానిని తుడవాలి. బిళ్లల మధ్య మరోసారి శుభ్రమైన అట్టను లాగాలి. వేసే చేతికే నూనె ఉంటుంది కాబట్టి ఈ చివరి తుడుపు చాలా ముఖ్యం. ఫీలర్ గేజ్‌కు ఉన్న నూనెను కూడా తుడిచిన తర్వాతే దానిని బిళ్లల మధ్య పెట్టాలి. కొత్త గేజ్ బిళ్లలకు తుప్పు పట్టకుండా నూనె పూసి అమ్ముతారన్న విషయం చాలామందికి గుర్తుండదు.

ఇక సందును, ఆ తర్వాత టైమింగ్‌ను సరిచేయాలి. ఈ క్రమం తారుమారు కాకూడదు. సందు మారితే టైమింగ్ కూడా మారుతుంది కాబట్టి టైమింగ్ ఎప్పుడూ చివరి పనే. పాయింట్లు విడిపోయే క్షణాన్ని కనిపెట్టడానికి బిళ్లల మధ్య సిగరెట్ పెట్టెలోని పలుచని కాగితాన్ని పెట్టి, అది పట్టు వదిలే క్షణాన్ని గమనించడం ఉపఖండమంతటా వాడుకలో ఉన్న పద్ధతి.

మూత తీయకుండానే తెలుసుకోవచ్చా?

పాత బుల్లెట్ యజమానులకు మరో సదుపాయం ఉంది. హెడ్‌లైటు పైన ఉండే ఆంపియర్ మీటర్ పాయింట్ల పరిస్థితిని చాలావరకు చెప్పేస్తుంది.

బ్యాటరీ బాగుండి, లైట్లు ఆపి ఉన్నప్పుడు తాళం తెరిచి, కిక్‌ను చేత్తో లేదా కాలితో నెమ్మదిగా కిందికి నొక్కాలి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు మైనస్ వైపు వాలుతుంది. విడిపోయినప్పుడు మధ్యకు వస్తుంది. ఇలా కదులుతుంటే పాయింట్లు పనిచేస్తున్నట్టే.

ఎంత తిప్పినా ముల్లు మధ్యలోనే ఉంటే పాయింట్ల గుండా విద్యుత్తు ప్రవహించడం లేదు. బిళ్లల మధ్య నూనె గానీ మురికి గానీ ఉండవచ్చు, తీగ ఊడి ఉండవచ్చు. ముల్లు ఎప్పుడూ మైనస్ వైపే ఉంటే పాయింట్లు తెరుచుకోవడం లేదు. హీల్ పూర్తిగా అరిగి ఉండవచ్చు, లేదా కండెన్సర్ లోపల షార్ట్ అయి ఉండవచ్చు. నూనె ఎక్కువైనప్పుడు కనిపించే లోపాన్ని, నూనె లేనప్పుడు కనిపించే లోపాన్ని ఒకే ముల్లు రెండు వేర్వేరు తీర్లలో చూపిస్తుందన్నమాట.

ఎవరూ వేయకుండానే నూనె వస్తే?

కొన్నిసార్లు తుడిచిన వారానికే పాయింట్లపై మళ్లీ నూనె కనిపిస్తుంది. అలాంటప్పుడు తప్పు కందెన వేసినవారిది కాదు. బుల్లెట్‌లో డిస్ట్రిబ్యూటర్ కాడ చుట్టూ ఉన్న సీలు అరిగితే, ఇంజన్ ఆయిల్ ఆ దారిన పాయింట్ల గదిలోకి చేరుతుంది. టైమింగ్ మూత కింద పాయింట్లు ఉండే ట్రయంఫ్ వంటి బ్రిటిష్ బండ్లలోనూ ఇదే సమస్య వస్తుంది.

రెండు స్ట్రోకుల బండ్లలో పాయింట్లు క్రాంక్ షాఫ్ట్ చివరన ఉంటాయి. అక్కడి సీలు పాడైతే నూనె, పెట్రోలు కలిసిన తుంపర పాయింట్లపైకి వస్తుంది. సీలు గుండా గాలి కూడా లోపలికి పోయి, మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి, ఇంజన్ మితిమీరి వేడెక్కుతుంది. అందువల్ల జావా, యెజ్డీల పాయింట్లపై పదేపదే కనిపించే నూనెను తుడిచి వదిలేయకూడదు. అది సీలు మార్చాల్సిన సమయం వచ్చిందన్న సూచన.

ఎలక్ట్రానిక్ పద్ధతికి మారితే సరిపోదా?

పాత బండ్లకు అమర్చే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్లు మార్కెట్‌లో దొరుకుతున్నాయి. వాటిలో తాకే భాగాలు ఉండవు కాబట్టి హీల్ అరగడం, బిళ్లలు కాలడం ఉండవు. రోజూ బండి నడిపేవారికి ఇది సౌకర్యమే. అయితే కొన్ని కిట్లు పాత అడ్వాన్స్ యూనిట్‌నే ఉపయోగించుకుంటాయి. అలాంటివాటిలో ఆ యూనిట్‌కు నూనె వేయడం ఆపకూడదు.

మరో తేడా కూడా ఉంది. ఎలక్ట్రానిక్ పెట్టె దారిలో పాడైతే దానిని అక్కడ బాగుచేయడం దాదాపు అసాధ్యం. పాయింట్లు పాడైతే ఒక అట్టముక్క, ఒక స్క్రూడ్రైవర్ ఉంటే చాలు. మనాలీ నుంచి లేహ్ వంటి కొండదారుల్లో పాత బుల్లెట్లపై వెళ్లేవారు ఒక జత పాయింట్లు, ఒక కండెన్సర్ వెంట తీసుకెళ్లడం అందుకే అలవాటుగా మారింది.

బండిని ఉన్నది ఉన్నట్టుగా కాపాడాలనుకునేవారికి పాయింట్లు మరో కారణంతోనూ ముఖ్యం. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన, అసలు రూపాన్ని నిలుపుకున్న వాహనాలను వింటేజ్ వాహనాలుగా గుర్తించే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చింది. ఇలాంటి వాహనాలకు 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. వీటిని రోజువారీ ప్రయాణాలకు గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు. ఈ వర్గంలోకి వచ్చే బండ్లు ఎక్కువ కాలం నిలిచే ఉంటాయి. అప్పుడప్పుడు మాత్రమే బయటికి వస్తాయి. ఎండిన ఫెల్టు, గట్టిపడిన గ్రీజు, బిగుసుకున్న అడ్వాన్స్ యూనిట్ అనే మూడు సమస్యలూ ఎక్కువగా కనిపించేది ఇలా నిలిచి ఉన్న బండ్లలోనే.

తెలిసిన చేతులు తగ్గుతున్నాయి

కొత్త మోటార్ సైకిళ్లలో పాయింట్లు లేవు. ఇప్పుడు పని నేర్చుకుంటున్న యువ మెకానిక్‌లలో చాలామంది వాటిని సర్దే అవసరం లేకుండానే పనిలోకి వస్తున్నారు. ఆటోనగర్లలోనూ, చిన్న పట్టణాల షెడ్లలోనూ ఈ పని తెలిసినవారు ప్రధానంగా పాత తరం వారే. 'కొంచెం' అంటే ఎంతో, ఫెల్టు ఎంత తడిగా ఉండాలో వారు చేతి స్పర్శతో నేర్చుకున్నారు. ఆ జ్ఞానం చాలావరకు రాతలోకి రాలేదు.

తాత వాడిన బండినో, తండ్రి దాచిన బండినో మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవారు ఆ పనిని ఒకసారి పక్కన కూర్చుని చూసి నేర్చుకోవడం అవసరం. అందుకు ఖరీదైన పనిముట్లు అక్కర్లేదు. ఫీలర్ గేజ్, స్క్రూడ్రైవర్, శుభ్రమైన అట్టముక్క, కొద్దిగా గ్రీజు, గుండుసూది కొసన నిలిచే ఒక్క చుక్క నూనె ఉంటే సరిపోతుంది. రాసుకునే భాగాలకు నూనె వేయాలి, విద్యుత్తు ప్రవహించే ముఖాలను పొడిగా ఉంచాలి. ఈ ఒక్క భేదం తెలిసినవారి చేతిలో యాభై ఏళ్ల బండి కూడా మొదటి కిక్‌కే స్టార్ట్ అవుతుంది.